బాలవ్వ మేడం తప్పులు

మా బాలవ్వ మేడం బోర్డు మీద తప్పు రాయకుండా ఒక్క పీరియడ్ కూడా ముగించిన పాపాన పోలేదు. పీరియడ్‌కి తక్కువలో తక్కువ మూడు. పరీక్షలు దగ్గర పడితే ఐదు. ఆమె లెక్కల ప్రొఫెసర్. ఇరవై ఆరేళ్ల సర్వీసు. పేరు ముందు డాక్టర్. అయినా చాక్‌పీస్ చేతిలోకి వచ్చిందంటే చాలు, ప్లస్ మైనస్ అయిపోయేది, మైనస్ మాయమైపోయేది, పది గోళీలున్న సంచిలో ఆరు ఎర్రవీ ఐదు నల్లవీ ఉండేవి.

"మేడం! ఆరు, ఐదు కలిస్తే పదకొండు!" అని ఓదెలు అరిచేవాడు. డిగ్రీ రెండో సంవత్సరంలో అందరికంటే పెద్ద నోరు వాడిదే.

"అవునా కొడుకా? మరి పది ఎట్ల అచ్చింది?"

"మీరే రాసిర్రు మేడం."

"నేను రాస్తే అయిపోతదా? ఇటు రా, నువ్వు రాయి."

వాడు వెళ్లి రాసేవాడు. ఆమె పక్కన నిలబడి, జీవితంలో మొదటిసారి కూడిక చూస్తున్నట్టు తలూపేది.

నేను అదే కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. జగిత్యాలకూ కోరుట్లకూ మధ్య రోడ్డు పక్కన ఉంటుంది మా యూనివర్సిటీ కాలేజీ. ఆమెదీ నాదీ కోరుట్లే కాబట్టి తొమ్మిదేళ్లుగా ఒకే బస్సు, ఒకే స్టాఫ్‌రూం, ఒకే చాయ్ ఫ్లాస్కు. నేను చేరిన మొదటి రోజు టైంటేబుల్ ఆమే రాసిచ్చింది. అందులో బుధవారం తర్వాత శుక్రవారం ఉంది.

"మేడం, ఇందులో గురువారం లేదు" అన్నాను భయపడుతూ.

"శభాష్ సంపతూ. నీకన్న ముందు అచ్చినాయన నెల రోజులు గురువారం కాలేజీకే రాలే."

ఒకసారి ఇంటర్నల్ పరీక్ష ఫిబ్రవరి ముప్పైన అని నోటీసు బోర్డులో పెట్టింది. మా ప్రిన్సిపాల్ దేవేందర్ సార్‌కు బీపీ ఉంది. ఆ నోటీసు పీకి చేత్తో పట్టుకుని స్టాఫ్‌రూంలోకి వచ్చాడు.

"మేడం, పిల్లలు నవ్వుతున్నరు."

"నవ్విర్రంటే సదివిర్రన్నట్టే గద సార్. నిరుడు మీరు పెట్టిన నోటీసు ఒక్కలన్న సదివిర్రా?"

దేవేందర్ సార్ ఆ నోటీసును మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నిరుడు తాను ఏ నోటీసు పెట్టాడో ఆయనకే గుర్తు రాలేదనుకుంటాను.

ఇంత తప్పుల మనిషి మార్కుల జాబితా తయారు చేస్తే మాత్రం ఇరవై ఆరేళ్లలో ఒక్క అంకె అటూ ఇటూ కాలేదు. ఈ సంగతి నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను. ఆలోచించి ఉంటే నాకు ఎప్పుడో తెలిసేది.

పోయిన ఏడాది మా యూనివర్సిటీ మొదటిసారిగా ఉత్తమ బోధన పురస్కారం పెట్టింది. పిల్లలు ఆన్‌లైన్ ఫారంలో తమకు నచ్చిన లెక్చరర్ పేరు రాయాలి. ఎందుకు నచ్చారో ఒక్క ముక్కలో చెప్పాలి. మా కాలేజీ నుంచి నాలుగు వందల పైచిలుకు ఫారాలు వెళ్తే, మూడొంతుల వాటిలో ఒకటే పేరు. దేవేందర్ సార్ వాటి నకళ్లు పట్టుకొచ్చి మా ముందు నిలబడి చదివాడు.

"'మా మేడంకు ఏం రాదు. అన్ని మేమే చెప్తం. అందుకే మాకు మంచిగనిపిస్తది.' ఏంది సంపత్ గిది? పొగుడుడా, తిట్టుడా?"

క్లాసు చూడటానికి ముగ్గురు ప్రొఫెసర్ల కమిటీ వచ్చింది. వాళ్లలో పెద్దాయన కూడా లెక్కల మనిషే. మొదటి తప్పు దగ్గర కుర్చీలో కదిలాడు. రెండో తప్పు దగ్గర దగ్గాడు. మూడో తప్పు దగ్గర ఇక ఆగలేక చెయ్యెత్తాడు.

"మేడం, అక్కడ మైనస్ రావాలి."

"ఎందుకు సార్?"

"ఎందుకంటే... మైనస్సే వస్తుంది కాబట్టి."

"ఎందుకస్తదో జర మా పిల్లలకు చెప్పుండ్రి." చాక్‌పీస్ ఆయన చేతిలో పెట్టింది.

పాపం ఆయన చాక్‌పీస్ పట్టుకుని పదిహేనేళ్లయిందట. పదవులు వచ్చినప్పటి నుంచి ఫైళ్లే తప్ప బోర్డు చూడలేదు. రెండు వరుసలు రాసి మూడోదాని దగ్గర నిలబడిపోయాడు. ఓదెలు లేచి అందించాడు. ఇంకో అమ్మాయి ఇంకో మాట అందించింది. ఆయన నుదురు తుడుచుకుని, లెక్క ముగించి, చేతుల నిండా సుద్దతో నవ్వుతూ దిగాడు. వెళ్తూ వెళ్తూ కారు దగ్గర మిగతా ఇద్దరితో, "నాకు మళ్లీ క్లాసు చెప్పాలనిపిస్తోంది" అన్నాడు. అంత పెద్దమనిషి ఆ మాట అంత చిన్నగా అనడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అవార్డు బాలవ్వ మేడానికే వచ్చింది. శాలువా, జ్ఞాపిక, కాలేజీ గేటు మీద నిలువెత్తు ఫ్లెక్సీ. మరుసటి రోజు పేపర్లో "తప్పెరుగని గురువు" అని పెద్దక్షరాల్లో వేశారు. ఆమె ఆ ముక్క చదివి అరగంట నవ్వింది. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత జరిగినవి మాత్రం ఎవరూ అనుకోనివి.

ముందు శ్రీశైలం సార్ సంగతి. హిస్టరీ చెప్తాడు. ఇరవై రెండేళ్లలో ఒక్క క్లాసు ఎగ్గొట్టని మనిషి. అవార్డు వచ్చిన వారానికి స్టాఫ్‌రూంలోని తన కుర్చీ మోసుకెళ్లి లైబ్రరీలో వేసుకున్నాడు. ఎందుకు సార్ అని అడిగాను.

"ఇరవై రెండేండ్లు నేనేం చేసిన సంపత్? గోడకు చెప్పిన్నా?"

ఆమె మీద ఆయనకు కోపం లేదు. ఆ అవార్డు ఒకరి పేరు చెప్పింది. చెప్పకుండా వదిలేసిన పదిహేడు మందిలో ఆయన ఒకడు. ఆ పదిహేడు మందిలో నేనూ ఉన్నాను గానీ నాకు అంత నొప్పి తెలియలేదు. ఆయనంత కష్టపడి నేనెప్పుడూ చెప్పలేదు మరి.

దేవేందర్ సార్‌కు పట్టుకున్నది ఇంకో రకం జబ్బు. స్టోర్‌రూం ఖాళీ చేయించి 'బోధనా నైపుణ్య కేంద్రం' అని బోర్డు పెట్టించి, బాలవ్వ మేడాన్ని దానికి డైరెక్టర్ చేశాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. సర్క్యులర్ తీశాడు. "ఇకపై ప్రతి అధ్యాపకుడు ప్రతి పీరియడ్‌లో కనీసం మూడు తప్పులు చేయవలెను. తప్పుల వివరములు రిజిస్టరులో నమోదు చేసి సాయంత్రం నాలుగు గంటలలోగా సంతకం చేయవలెను."

ఇంగ్లీషు ఆయన బోర్డు మీద స్పెల్లింగు తప్పు రాశాడు. ఎవరూ పట్టుకోలేదు. అది తప్పని సాయంత్రానికి ఆయనకే గుర్తు లేదు. నేను క్లాసులో, ధర పెరిగితే గిరాకీ కూడా పెరుగుతుందని చెప్పి, ఎవరు లేస్తారా అని చూశాను. అందరూ బుద్ధిగా రాసుకున్నారు. ఈలోగా బెల్లు కొట్టారు. ఇంటర్నల్ పరీక్షలో ముప్పై ఒక్క మంది అదే రాశారు. "మీరే చెప్పిర్రు గద సార్" అన్నారు. మార్కులు వేయక తప్పలేదు. శ్రీశైలం సార్ మాత్రం రిజిస్టరులో రోజూ ఒకటే వాక్యం రాసేవాడు. "నేడు తప్పులు లేవు. క్షమించగలరు."

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. డిసెంబరులో ఒక మధ్యాహ్నం బాలవ్వ మేడం క్లాసు నుంచి వచ్చి కూచున్న తీరు చూశాక నాకు నవ్వు రాలేదు. చాక్‌పీస్ చేతిలోనే ఉంది. చాయ్ పోసి ఇస్తే ముట్టలేదు.

"సంపతూ, ఎవ్వలు లేవలే."

"దేనికి మేడం?"

"మూడు రాసిన. ఒక్కటి గూడ పట్టలే. ఓదెలు గాడు గూడ లేవలే. వాడు సరిగ్గ రాసుకున్నదాన్ని కొట్టేసి నాది ఎక్కించుకున్నడు. నా కండ్లతోని చూసిన."

"ఏమైతది మేడం? రేపు మీరే దిద్దుండ్రి."

ఆమె నా వంక జాలిగా చూసింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి, తన తప్పుల గుట్టు విప్పింది.

ఆమె రాసిన తప్పుల్లో ఒక్కటీ పొరపాటున రాసింది కాదు. ప్రతి తప్పూ ఒకరి కోసం. మొదటిది ఎప్పుడూ ఓదెలుది. "వాని నోరు ఊకుండదు. ముందుగాల వానికొకటి పారేస్తే కడుపు నిండి కూసుంటడు. మిగిలినోళ్లకు జర సందు దొరుకుతది." రెండోది, తెలిసి కూడా భయపడేవాళ్లకు. మూడోది మాత్రం ఒకే ఒక్కరికి. అప్పటిదాకా నోరు తెరవని ఎవరో ఒక్కరికి. ఆ తప్పు వాళ్లకు తప్ప ఇంకెవరికీ తట్టకూడదు. ధర్మపురి నుంచి వచ్చే అమ్మాయి కోసం గోదావరి మీద పడవ లెక్క. మెట్‌పల్లిలో పసుపు బస్తాలు ఎత్తే ఆయన కొడుకు కోసం బస్తాల లెక్క. వాటి కోసం ఆదివారాలు వెళ్లి, నిలబడి, చూసి వచ్చేది. ఆమె సెలవు రోజుల్లో మార్కెట్ యార్డులో తిరుగుతుంటే మేము చౌకగా పసుపు కొనడానికి అనుకునేవాళ్లం.

ఆ రోజు మూడో తప్పు రాధికది.

రాధిక సిరిసిల్ల పిల్ల. కాలేజీ హాస్టల్లో ఉంటుంది. తల్లిదండ్రులు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని చేస్తారు. ఏడాదిన్నరగా క్లాసులో హాజరు పలకడం తప్ప ఆ పిల్ల నోరు విప్పలేదు. అది కూడా సగం మాటే వినపడేది. ఆమె కోసం మేడం మూడు వారాలు ఆలోచించి, బట్ట నేసేటప్పుడు దారం తెగే అవకాశం ఎంత అని ఒక లెక్క కట్టింది. అందులో పడుగును పేక అనీ, పేకను పడుగు అనీ రాసింది. నిలువు పోగులు అడ్డం, అడ్డపోగులు నిలువు. సాంచాల మధ్య పెరిగిన పిల్లకు అది చూస్తే ఒళ్లు మండాలి.

"తల ఎత్తింది సంపతూ. బోర్డు దిక్కు చూసింది. నోరు గూడ తెరిసింది. నాకు గుండె ఆగినంత పనైంది. అటెన్క నా దిక్కు చూసి, తల వంచుకొని రాసుకున్నది. పుట్టినకాన్నుంచి ఇంట్ల చూసేదే అబద్ధమనుకున్నది. నేను రాసిన్నని."

చాక్‌పీస్ ఆమె వేళ్ల మధ్య విరిగింది.

"లెక్కలు పుస్తకంల ఉంటయి. పెద్దోళ్ల మొకం చూసి 'గిది తప్పు' అనుడు ఏ పుస్తకంల ఉంటది? నన్ను బడిల ఏసిన్నాడు సారు నా పుట్టిన సంవత్సరం మూడేండ్లు ఎన్కకు రాసిండు. మా అవ్వ చెప్పిన సంవత్సరం నాకెర్కే. మా అయ్య కూలికి పోయే మనిషి, చేతులు కట్టుకొని నిలబడ్డడు. నేను అయ్య ఎన్కకు నిలబడ్డ. నోరు రాలే. గా ఒక్క తప్పుకు నా నౌకరి మూడేండ్లు ముందుగాల్నే అయిపోతది."

అప్పటికి ఆమెకు రెండేళ్ల సర్వీసే మిగిలి ఉంది.

మర్నాడు ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది. నన్నూ లాక్కెళ్లింది.

"సార్, నా అవార్డు వాపస్ తీసుకోండ్రి."

"వాపస్ తీసుకొనీకి గదేమన్న ప్రెషర్ కుక్కరా మేడం? వచ్చే నెల వైస్ చాన్సలర్ గారు వస్తున్నరు. చుట్టుపక్కల ప్రిన్సిపాళ్లందరు మీ మోడల్ క్లాసు చూడనీకి వస్తున్నరు. గప్పటిదాంక గేటు మీద ఫ్లెక్సీ గూడ దించ."

"దాన్ని చూసే పిల్లలు బెదురుతున్నరు సార్."

"బెదరనియ్యుండ్రి. గౌరవమంటే గదే గద."

ఆయన చెడ్డవాడు కాదు. కాలేజీకి మొదటిసారి మంచి పేరు వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు, అంతే.

ఆ ఆదివారం మేడం నన్ను వెంటబెట్టుకుని సిరిసిల్ల బయల్దేరింది. రాధిక సెలవుకు ఇంటికి వెళ్లి ఉంది. షెడ్డులో ఎనిమిది సాంచాలు ఒక్కసారే ఆడుతున్నాయి. మా మాట మాకే వినపడలేదు. రాధిక వాళ్లమ్మ నర్సక్క దారం చుట్టిన కండెలు అందిస్తోంది. మేడం అన్నీ తెలిసినదానిలా ఒక సాంచా దగ్గరికి వెళ్లి, పేక దారం మోస్తూ అటూ ఇటూ పరుగెత్తుతున్న నాడె వైపు వేలు చూపిస్తూ చెయ్యి చాపింది.

"మేడం! చెయ్యి తియ్యుండ్రి! వేళ్లు తెగుతయి!"

రేకుల కప్పు అదిరిపోయింది. ఇంత గొంతు ఎవరిదా అని వెనక్కి తిరిగి చూస్తే, రాధిక.

"గా అడ్డం ఉరికేది పేక మేడం! గీ నిలువుగున్నయి పడుగు! మీరు బోర్డు మీద ఉల్టా రాసిర్రు!"

నర్సక్క మా వైపు తిరిగి, "ఇంట్ల గిట్లనే ఒర్రుతది సారూ. సాంచాల కాడ ఒర్రకుంటే ఎట్ల వినొస్తది? గడప దాటితెనే మూగదైతది" అంది.

బయట గోడ నీడన కూచున్నాక మేడం అడిగింది.

"మరి క్లాసుల ఎందుకనలే బిడ్డా?"

రాధిక గొంతు మళ్లీ సగమైపోయింది. "మీకు అవార్డు అచ్చింది గద మేడం. మా ఇంట్లోళ్లే తప్పంటున్నరేమో, లెక్కల్ల గిట్లనే అంటరేమో అనుకున్న."

మేడం రాధిక వైపు జరిగి కూచుంది.

"గా అవార్డు నాకు ఎట్ల అచ్చిందో ఎర్కేనా? మీరు నా తప్పులు పట్టిర్రు కాబట్టి అచ్చింది. మీరు పట్టుడు బంద్ చేస్తే గది ఉత్త శాలువనే."

తప్పులన్నీ కావాలనే రాస్తానన్న మాట మాత్రం చెప్పలేదు.

ఆ నెల రోజులూ ఆమె తన డైరెక్టర్ పదవికి ఒకే ఒక్క పని చెప్పింది. మా క్లాసులకు వచ్చి చివరి బెంచీలో కూచుని చెయ్యెత్తడం. మొదటి రోజు ఆమెను చూసి శ్రీశైలం సార్ బిగుసుకుపోయాడు.

"పరీక్ష పెట్టనీకి అచ్చిర్రా మేడం?"

"లేదు సార్. నాకు చరిత్ర రాదు. నేర్సుకుంట."

కోటలు కట్టించినవాళ్ల పేర్లు తప్ప వాటికి రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఎందుకు లేవని అడిగింది. ఆయన ఆ ఒక్క ప్రశ్న మీద రెండు పీరియడ్లు మాట్లాడాడు. పిల్లలు బెల్లు కొట్టినా లేవలేదట. తర్వాత వారం ఆమె వెళ్లకపోతే, ఆయనే స్టాఫ్‌రూం తలుపు దగ్గర నిలబడి, "మేడం ఇయ్యాల రారా?" అని అడిగాడు. ఆ సాయంత్రం లైబ్రరీ నుంచి తన కుర్చీ మోసుకొచ్చి మళ్లీ కిటికీ పక్కన పెట్టాడు.

మోడల్ క్లాసు రోజు వచ్చింది. ముందు వరుసలో వైస్ చాన్సలర్. పక్కన ప్రిన్సిపాళ్లు. వాళ్ల వెనక మేము. ఒక పక్కన రెండో సంవత్సరం పిల్లలు. మేడం మొదటి తప్పు రాసింది. వాన వచ్చే అవకాశం నూటికి అరవై, రాని అవకాశం నూటికి యాభై. ఓదెలు వైస్ చాన్సలర్‌ను చూశాడు, బోర్డును చూశాడు, కుర్చీలో మెలికలు తిరిగాడు. చివరికి ఆగలేకపోయాడు.

"మేడం, నలభై!"

హాలంతా నవ్వింది. దేవేందర్ సార్ అందరి వైపూ గర్వంగా తిరిగి చూశాడు. మేడం ఇంకో లెక్కకు వెళ్లింది. సంచిలో పది గోళీలు, నాలుగు ఎర్రవి. ఒకటి తీసి బయట పెట్టి, ఇంకొకటి తీశాం. రెండూ ఎర్రవే అయ్యే అవకాశం ఎంత? పదింట నాలుగు, ఇంటూ పదింట మూడు అని రాసి కింద గీత గీసింది. ముందు వరుస మొత్తం తలూపింది. నేనూ ఊపాను.

రాధిక లేచి నిలబడింది.

"మేడం... గది తప్పు."

"ఏది బిడ్డా?"

"రెండోదాని కింద పది."

మేడం బోర్డు వైపు తిరిగి చూసింది. ఇరవై ఆరేళ్లలో ఎన్నడూ అనని మాట అంది.

"లేదు బిడ్డా. సరిగ్గనే ఉన్నది."

దేవేందర్ సార్ అరచెయ్యి కిందికి ఊపుతూ, కూసో కూసో అని సైగ చేశాడు. రాధిక సగం కూచోబోయింది. మళ్లీ నిటారుగా నిలబడింది.

"ఒక గోళీ తీసి బయట పెట్టినం గద మేడం! సంచిల తొమ్మిదే ఉంటయి! మీరు మల్ల పదంటున్నరు!"

మైకు లేకుండానే చివరి వరుస దాకా వినపడింది.

మేడం చెవులు ఎర్రబడటం నేను చూశాను. ఆ పదిని చేత్తోనే తుడిచి, చాక్‌పీస్ రాధిక చేతిలో పెట్టి, వచ్చి రాధిక బెంచీలో కూచుంది. మిగతా లెక్క రాధికే చేసింది. మధ్యలో ఓదెలు ఏదో అందించబోతే, "నాకెర్కే, నువ్వాగు" అంది.

"నేనూ పదే అనుకున్నానమ్మా" అన్నాడు వైస్ చాన్సలర్. తర్వాత మా ప్రిన్సిపాల్ వైపు తిరిగాడు. "మీ పిల్లలందరూ ఇలాగే అడుగుతారా?"

"అడుగుతరు సార్. సర్క్యులర్ ఇచ్చిన."

"సర్క్యులర్ తీసేస్తే?"

మర్నాడు పొద్దునకల్లా సర్క్యులర్ లేదు, రిజిస్టరు లేదు, గేటు మీద ఫ్లెక్సీ లేదు. దేవేందర్ సార్ ఆలస్యంగా అర్థం చేసుకుంటాడు గానీ, చేసుకున్నాక మాత్రం ఆలస్యం చేయడు.

మోడల్ క్లాసు అయిన సాయంత్రం కోరుట్ల బస్సులో మేడం కిటికీ పక్కన కూచుని తనలో తాను నవ్వుకుంటోంది. నేను మెచ్చుకున్నాను.

"మస్తు ఏసిర్రు మేడం గా తప్పు. పైకెల్లి సరిగ్గనే ఉన్నదని ఎదురు గూడ చెప్పిర్రు. మీకు యాక్టింగుకు గూడ అవార్డు ఇయ్యాలె."

"యాక్టింగేంది సంపతూ? వైస్ చాన్సలర్‌ను చూసేసరికి బయట పెట్టిన గోళీ సంగతే మరిసిన. గది అసలు తప్పే. రాధిక కోసం తెచ్చిన తప్పు ఇంక నా బ్యాగులనే ఉన్నది."

ఆమె కళ్లు మెరుస్తున్నాయి.

"ఇరవై ఆరేండ్ల సంది నేను పెట్టిన తప్పులే పట్టుకుంటున్నరు పిల్లలు. నేను పెట్టనిది పట్టింది గీ పిల్లనే. ఇంక రెండేండ్లున్నది. అందరితోని గిట్లనే పట్టియ్యాలె." అంతలోనే, నిజంగానే దిగులుగా అడిగింది. "కని అసలు తప్పులు ఎట్ల చేసుడు సంపతూ? నాకు అలవాటు లేకపాయె."

"గా పని నాకిడిసిపెట్టుండ్రి మేడం" అన్నాను. "మా ఎకనామిక్స్ డిపార్ట్‌మెంటు మొత్తం మీ ఎన్కనే ఉన్నది."